కడుపుతోని ఉన్నింట్ల గడ్డపార

లాల్‌దర్వాజా, హైదరాబాదు
జ్యేష్ఠమాసం, 1943

అంజన్ అన్నకు చెల్లె రుక్మ చేతులు మొక్కి రాసేది,

ఈడ అందరం మంచిగున్నమని ముందుగాల రాయాలె. రాసిన. ఇగ ఉన్నది రాస్త.

మా జాలారు కింది గొట్టం పలిగింది. జాలారుల తానం జేసిన, గిన్నెలు తోమిన నీళ్లు వాకిలి కిందికెల్లి గొట్టంల పోయి గల్లీ మోరీల పడ్తయి, నువ్వు చూసినవు గద. పోయిన నెల మీ బావ బార్కస్‌ల ఒక అరబ్బు చావూస్ కాడ కొత్త బర్రెను కొన్నడు. అది బర్రె కాదన్నా, ఏనుగు. వచ్చిన్నాడే తాడు తెంపుకొని వాకిట్ల దునికింది. బండ పలిగింది, కింద గొట్టం పలిగింది. పూటకు నాలుగు శేర్ల పాలిస్తది గనుక దాన్ని ఎవ్వరు ఏమనరు.

పలిగిన తావు బాయి పక్కనే. మా బాయి సంగతి యాదున్నదా? నడుమ గోడ, సగం నోరు మా దిక్కు, సగం నాగమణమ్మ వాళ్ల దిక్కు. రెండిండ్లు అవే నీళ్లు తాగాలె. ఈ నడుమ బొక్కెన పైకి రాంగనే ఒక వాసన కొడ్తున్నది. మా అత్త కొమురమ్మ లేదంటది. కడుపుతోని ఉన్నదాని ముక్కుకు అన్నీ వాసనలే అంటది.

అవునన్నా. నాకు ఏడో నెల. నీకు రాయలే. రెండుసార్లు రాసిన, రెండుసార్లు నువ్వు చిన్న అంగీలు కుట్టిచ్చి పంపినవు. ఆ అంగీలు పెట్టెల అట్లనే ఉన్నయి. గందుకే ఈసారి చేతులు రాలే.

గొట్టం బాగుచేయనీకె శివయ్య మేస్త్రి గడ్డపార భుజానేసుకొని వచ్చిండు. నన్ను జూసిండు. నా కడుపు జూసిండు. దించిన గడ్డపార మళ్ల భుజానేసుకొని, "కడుపుతోని మనిషి ఉన్నింట్ల నేను భూమి తవ్వ తల్లీ, నాకు గూడ పిల్లలున్నరు" అని చాయ్ గూడ తాగకుంట పోయిండు. తర్వాత మేం పిలిచినోళ్లు గడప దాంక గూడ రాలే. అత్తయితే నేను నీళ్లాడే దాంక వాకిట్ల పుల్ల గూడ గుచ్చొద్దన్నది. మొదటి కడుపప్పుడు కొట్టం గుంజలకు బొందలు తవ్విన్రు, ఐదో నెలల పోయింది. అది ఆమె మర్చిపోలే. నేను మర్చిపోయిన్నా?

తవ్వుమని అందామంటే భయం, బుగులు. తవ్వకుంటే ఆ నీళ్లు తాగనీకె బుగులు. ఏం జెయ్యాల్నో నువ్వు చెప్పు.

నీ చెల్లె
రుక్మ

---

బోధన్, షక్కర్ కార్ఖానా లైన్లు

చెల్లె రుక్మకు,

నోట్ల నువ్వుగింజ నాననిదానివి, ఏడు నెలలు ఎట్ల దాచినవే? సంతోషం. మీ వదినెకు గూడ చెప్పిన, కండ్ల నీళ్లు పెట్టుకున్నది.

ఇగ విను. నేను ఐదేండ్ల సంది కార్ఖానాల గొట్టాలు బిగిస్తున్న ఫిట్టర్‌ను, నా మాట విను. తవ్వితే కడుపులు పోయేదుంటే ఈ లైన్లల్ల ఒక్క పోరడు పుట్టకపోవు. ఈడ దినాం ఏదో ఒక మూల తవ్వుతనే ఉంటరు, దినాం ఎవరింట్లనో ఉయ్యాల తొట్టె కడ్తనే ఉంటరు. మేస్త్రి రాకుంటె మానె. బావ చేసుకోవచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు.

లడాయి పుణ్యమాని పట్నంల చీనీమట్టి గొట్టాలు దొరకవు. నిజామాబాదుల వెతికి రైలుకు వేస్త, కాచిగూడల తీసుకోమను. మోరీ కాడికెల్లి తవ్వుకుంట ఇంటి దిక్కు రావాలె. పలిగిన ముక్కలు ఒక్కటి మిగలకుంట తియ్యాలె. కొత్త గొట్టానికి ఒక కొస వెడల్పు నోరు ఉంటది, ఇంకో కొస సన్నగుంటది. వెడల్పు నోరు నీళ్లు వచ్చే దిక్కు, అంటే ఇంటి దిక్కు ఉండాలె. సందుల జనుపనార కూరి, సున్నంల ఇటుకపొడి కలిపి మెత్తాలె. బొంద పూడ్చకముందే పైన నీళ్లు పోసి, కీలు కాడ పొడి బూడిద చల్లి చూడున్రి. బూడిద పొడిగుంటె పని అయినట్టు. తడిస్తె కానట్టు.

అప్పటి దాంక నీళ్లు కాంచి తాగు. నాగమణమ్మ వాళ్లకు ఇయ్యాల్నే చెప్పు. ఉత్తగ భయపడకు.

అన్న
అంజన్

---

లాల్‌దర్వాజా
ఆషాఢం

అన్నా,

గొట్టాలు అందినయి. మీ బావ పాల బండిల గడ్డి కింద దాచుకొని తెచ్చిండు, దొంగసొత్తు లెక్క. అత్త చూసింది. "ఇవి ఇంట్లకొచ్చినా బొంద తవ్వాల్నంటయి" అని కొట్టంల బర్రె ఎనుక పెట్టిచ్చింది. ఆ బర్రె వాటి దిక్కు చూస్తనే ఉంటది, మళ్ల ఎప్పుడు తొక్కుదామా అని.

నీళ్లు కాస్తనంటే "కాగిన నీళ్లు సచ్చిన నీళ్లు" అంటది. నాకు వేరే కుండ పెట్టింది. ఆ కుండల వాసన లేదు. ఏందో మరి.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపిచ్చిన. రెండో కడుపు పోయినప్పుడు ఎవ్వరు తవ్వలే గద అత్తా, అని అడిగిన. ఆమె ఏమన్నదో తెల్సా? "తవ్వినప్పుడు ఒకటి పాయె, తవ్వనప్పుడు ఒకటి పాయె. తవ్వకుంట పోతే దేవుని తప్పు. తవ్వినంక పోతే నా తప్పు. దేవుని తప్పు నేను మోస్త. నా తప్పు మొయ్యలేను."

తర్వాత ఒక మాట రాయమన్నది. ఆమె చెప్పినట్టే రాస్తున్న: "మీ అన్నను అడుగు. ఇదే వాని పెండ్లామైతే వాడు తవ్వునా?"

నాగమణమ్మకు ఇంకా చెప్పలే. చెప్తే గల్లీ మొత్తం లొల్లయితదని అత్త బుగులు. ఆమె చిన్న కొడుకు మల్లన్న గోడవతలకెల్లి "రుక్మక్కా" అని పిలుస్తడు, నేను పలుకుత. పలికి, వాడు ఇంకేమన్న అడగకముందే లోపలికి పోత. ఎనిమిదో నెల పడ్డది గనుక ఇల్లు దాటి ఎక్కడికన్న పోదామన్నా పోరాదట. ముందు నుయ్యి ఎనుక గొయ్యి అంటరు. నాకైతే నుయ్యి ఉన్నది, గొయ్యి తవ్వనిస్త లేరు.

రుక్మ

---

బోధన్

రుక్మకు,

అత్తమ్మ అడిగింది పనికిరాని మాట. నా పెండ్లాం సంగతి ఎందుకు ఈడ? మీ వదినె మంచిగున్నది.

నాగమణమ్మకు చెప్పలేదని చదివి నాకు కోపమొచ్చింది. వానలు పడ్తున్నయి. వాన నీళ్లు భూమిల దిగితే ఆ మురికి ఆగుతదా, ఎక్కడ పల్లముంటె అక్కడికి పోతది. పల్లం బాయిల ఉన్నది. బావకు చెప్పు, మొగోడు మొగోని లెక్క పార పట్టుమను.

అంజన్

---

లాల్‌దర్వాజా

అన్నా,

మల్లన్నకు గత్తర తగిలింది. పొద్దుగాల సంది వాంతులు, విరేచనాలు. కండ్లు లోపలికి పోయినయి. దవాఖానకు తీసుకపోయిన్రు.

ఉరుకుల రాస్తున్న, అక్షరాలు నీకు తెలుస్తయో లేదో.

పోంగ నాగమణమ్మ చెయ్యి పట్టుకొని చెప్పేసిన. మా గొట్టం పలిగిందక్కా, నెల దాటింది, మాకు తెల్సు, నీకు చెప్పలే అని. కొడ్తదేమో అనుకున్న. కొడితే బాగుండు. ఆమె పిల్లగాన్ని భుజానికేసుకొని, "నాకు గూడ వాసన తెల్సు రుక్మా. నీ కడుపు చూసి తవ్వుమని అడగలేకపోయిన" అన్నది. అని రిక్షా ఎక్కింది.

ఆమె నా బిడ్డ కోసం నోరు మూసుకున్నది అన్నా. మేము గూడ నా బిడ్డ కోసమే నోరు మూసుకున్నం. నడుమ వాళ్ల పిల్లగాడు మంచాన పడ్డడు. లోపల నాది కాళ్లతోని తంతున్నది, తన్నినప్పుడల్ల నాకు సిగ్గైతున్నది.

అత్త అడిగిన దానికి నువ్వు జవాబియ్యలే. ఇగ నేనే అడుగుతున్న. నువ్వైతే తవ్వుదువా?

రుక్మ

---

బోధన్
ఆషాఢ బహుళం

చెల్లె,

పిల్లగాడు ఎట్లున్నడో జల్ది రాయి.

నువ్వు అడిగినవు, చెప్తున్న. చదివి చింపెయ్యి, అత్తమ్మకు వినిపియ్యకు. మీ వదినె సత్తెమ్మకు ఐదో నెల. పెండ్లయిన తొమ్మిదేండ్లకు. దిష్టి తగుల్తదని ఎవ్వరికి చెప్పలే, నీకు గూడ చెప్పలే.

మా ఇంటి ముందర వాన నీళ్లు నిలుస్తున్నయి. జానెడు కాలువ తీస్తె పోతయి. తియ్యలే. లాంతరు తగిలియ్యనీకె గోడకు ఒక మేకు కావాలె. కొట్టలే. లాంతరు నేలమీద పెట్టుకొని దాని పొగల్నే తింటున్నం. కార్ఖానాల పొద్దంత సమ్మెట కొడ్త, ఇంటికొచ్చి మేకు ముట్టాల్నంటే చెయ్యి లేవదు. పక్కింటోడు గోడకు ఏదో కొడ్తుంటె పోయి లొల్లి పెట్టుకున్న. నీకేమో భయపడకు అని రాసిన. రాసుకుంటనే భయపడ్డ. నీకన్న నాకే ఎక్కువ బుగులే రుక్మా.

అయినా చెప్తున్న. తవ్వున్రి. తవ్వితే ఏమైతదో నాకు తెల్వదు, ఎవ్వనికీ తెల్వదు. తవ్వకుంటె ఏమైతదో మాత్రం పక్కింట్ల చూసినవు. నా ఇంట్లనైతే కాలువ ఆగుతది, మీ బాయి ఆగదు.

అంజన్

---

లాల్‌దర్వాజా

అన్నా,

మల్లన్న బతికిండు. గట్లనే సన్నగ ఉన్నడు గని బతికిండు. దవాఖాన నుంచి తెచ్చిన్రు. నాగమణమ్మ గల్లీ చివర నల్లా కాడ నిలబడి నీళ్లు తెచ్చుకుంటున్నది. ఆ నల్లా కాడ నాకో సంగతి తెలిసింది. మా అత్త దినాం పొద్దుగాలనే అక్కడ లైన్ల నిలబడి ఒక కుండ తెస్తదట. నాకు పెట్టిన వేరే కుండ అదే. ఆమె, మీ బావ మాత్రం బాయి నీళ్లే తాగుతున్నరు. వాసన లేదన్న మనిషి.

నీ ఉత్తరం దాచుదామనుకున్న. అత్త నా ముఖం చూసింది, "చదువు" అన్నది. కొన్ని మాటలు మింగిన. "మింగకుంట చదువు" అన్నది. చదివిన అన్నా, మేకు సంగతి గూడ. నన్ను తిట్టుకో.

అప్పుడు అత్త అన్నది: "ఇన్ని దినాలు వాడు మనకు పాఠం చెప్పిండు. ఇయ్యాల మాట చెప్పిండు. బుగులు లేనోని మాట పట్టుకొని నేను గడ్డపార ఎట్ల ముడ్త? బుగులు పడుకుంట గూడ తవ్వుమంటున్నడు, వాని మాట వింట."

కాని ఒక షరతు. వచ్చే బేస్తారం పొద్దు పొడవంగ మా వాకిట్ల గడ్డపార పడ్తది. అదే పొద్దున మీ ఇంట్ల గోడకు ఆ మేకు పడాలె. "ఏదన్న అయితే నేనొక్కదాన్నే మొయ్యను. వాడు గూడ ఒక కొస పట్టుకోవాలె" అన్నది. వద్దత్తా, మా వదినెకు తొమ్మిదేండ్లకు నిలబడ్డదని ఏడ్చిన. "నీకు మూడోసారి నిలబడ్డది" అన్నది.

నాకైతే నువ్వు కొట్టాల్నని లేదు. కొట్టొద్దని రాయనీకె గూడ చెయ్యి రాలే. కొట్టకుంటె ఆమె తవ్వదు. నన్నేం జేయమంటవు?

రుక్మ

---

బోధన్
శ్రావణం, బేస్తారం తెల్లారి

రుక్మకు,

మేకు పడ్డది.

నేను కొట్టలే. మేకు గోడకు పెట్టిన, సుత్తె ఎత్తిన, నా బొటనవేలి మీద కొట్టుకున్న. కార్ఖానాల ఐదేండ్లు, ఒక్కనాడు వేలు నలగలే. మళ్ల ఎత్తితే చెయ్యి దిగలే. సత్తెమ్మ నా ఎనుకనే నిలబడి చూస్తున్నది. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపిచ్చిన, దాచలే. "ఇటు తే" అని సుత్తె గుంజుకున్నది. "రుక్మది కడుపు కాదా?" అని మూడు దెబ్బల్ల దించింది. దించి అట్లనే గోడకు ఆనుకొని కూసున్నది.

ఆ పొద్దంత లోపల కదలలేదట. నాకు చెప్పలే. పనికెల్లి వచ్చి అన్నం ముందర కూసున్నంక చెప్పింది. అన్నం అట్లనే పెట్టి లేచిన. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంట తెల్లారిచ్చినం. కోడి కూసినంక కదిలింది. నేను బయటికి పోయి ఏడ్చిన, నవ్వకు.

ఆడ ఏమైంది? జల్ది రాయి.

అంజన్

---

లాల్‌దర్వాజా
అదే బేస్తారం

అన్నా,

నీ దిక్కు ఏమైందో తెల్వకనే రాస్తున్న. మా దిక్కు అయిపోయింది.

మీ బావ గడ్డపార పట్టుకొని నిలబడ్డడు గని ఎత్తలేకపోయిండు. అత్త అది గుంజుకున్నది. "నువ్వు తండ్రివిరా, నీకు తగుల్తది. నేను పండుటాకును, మొదటి దెబ్బ నాది" అన్నది. తూర్పు దిక్కు తిరిగి లాల్‌దర్వాజా తల్లికి మొక్కింది, ఈ ఏడు బోనం ఎత్తినప్పుడు గూడ అట్ల మొక్కలే. కొట్టింది. గడ్డపార చప్పుడు నా పక్కటెముకల్ల తగిలింది. నన్ను చూడొద్దని కొట్టంల బర్రె పక్కన గోడ దిక్కు తిరిగి కూసోబెట్టిన్రు. రెండు చేతుల్తోని కడుపు పట్టుకొని కూసున్న. కదులుతున్నదా, కదులుతున్నదా అని అదే లెక్క.

మొదటి దెబ్బ పడ్డంక మీ బావ సిగ్గుపడి దిగిండు. పలిగిన ముక్కలన్ని తీసిన్రు. కింద నల్లటి బురద బాయి రాయి దాంక పాకి ఉన్నదట. అత్త ఆ బురద చేతుల్తోని ఎత్తి తట్టలకేసింది. సున్నం, ఇటుకపొడి నువ్వు చెప్పినట్టే కలిపింది.

ఒక్కటి మాత్రం నువ్వు చెప్పినట్టు చెయ్యలేదట, మీ బావ ఇప్పుడు చెప్తున్నడు. కోపం జెయ్యకు. కడుపుతోని మనిషి ఉన్న ఇంటి దిక్కు భూమిల పెద్ద నోరు తెరిచి పెడ్తె అది ఇంటిని మింగుతదని, అత్త గొట్టం తిప్పిచ్చి వెడల్పు నోరు మోరీ దిక్కు పెట్టిచ్చింది. మబ్బు పట్టిందని బూడిద చల్లకుంటనే పూడ్చిన్రు. నీళ్లయితె పోతున్నయి. అయిపోయింది గద అన్నా, అయిపోయిందని ఒక్క మాట రాయి.

రుక్మ

---

బోధన్

రుక్మా,

అయిపోలేదు.

తిప్పి పెట్టిన గొట్టం, పలిగిన గొట్టం రెండూ ఒకటే. వెడల్పు నోట్ల సన్న కొస దూరి ఉంటది. నీళ్లు వచ్చే దిక్కు సన్న కొస ఎదురుంటె, ఉరికొచ్చిన మురికి దాని అంచుకు తగిలి కీలు సందుల దూరుతది. ఇయ్యాల కాకుంటె రేపు సున్నం నాని రాలుతది. పైకి అన్నీ మంచిగ పోతున్నట్టే ఉంటది, కింద మీ బాయిల దిగుతనే ఉంటది.

మళ్ల తవ్వున్రి. నాకు తెల్సు నేనేం రాస్తున్ననో. అత్తమ్మ కాళ్లు పట్టుకొని చెప్తున్నట్టు చెప్పు: అది మింగే నోరు కాదు, పట్టుకునే నోరు. బిడ్డను ఎత్తుకొనేటోళ్లు ఒడి బిడ్డ దిక్కే పడ్తరు గద, అట్ల.

నేను వస్తనని సత్తెమ్మకు చెప్పిన. పొమ్మన్నది. గడప దాంక పోయి ఎనుకకు చూసిన. గోడకు ఆ మేకు కనపడ్డది. ఆమెను ఒక్కదాన్ని దాని కింద పెట్టి రాలేకపోయిన చెల్లె. నా చేతులు ఈడ ఉండి నీకేం పనికొస్తయి?

అంజన్

---

లాల్‌దర్వాజా
భాద్రపదం

అన్నా, వదినెకు,

మగపిల్లగాడు. బతికున్నడు. నేను గూడ.

ఇప్పుడు మెల్లగ రాస్త. నీ ఉత్తరం అత్తకు చదివిన. "బిడ్డను కాపాడుదామని నేనే ఎదురు పెట్టిన్నా?" అన్నది, అంతే. పోయి గడ్డపార తెచ్చింది. ఈసారి షరతు గూడ పెట్టలే. మీ బావ ముందుగాల దిగిండు. ఆమె పైనుంచి గొట్టం దించింది, వెడల్పు నోరు ఇంటి దిక్కు. దాని లోపలికి వంగి ఏదో అన్నది. మొక్కిందో తిట్టిందో తెల్వదు.

కీలుకు సున్నం పెట్టి, రాత్రంత ఆరనిచ్చి, తెల్లారి బూడిద పరీక్ష చేద్దామనుకున్నరు. తెల్లారక ముందే నాకు నొప్పులు లేచినయి. నెలలు నిండలే. తవ్విన బొంద వాకిట్ల అట్లనే నోరు తెరిచి ఉన్నది. మంత్రసాని కాశమ్మ దానిని దాటుకొని వచ్చి "ఇదేం పనమ్మా కొమురమ్మా" అని నెత్తి కొట్టుకున్నది. అత్త ముఖం నేను చూసిన అన్నా. ఆ ముఖం ఇంకోసారి చూడలేను. మూడోది గూడ పోయిందనే అనుకున్నది. నేను గూడ అదే అనుకున్న.

పుట్టినంక జాలారుల నాకు నీళ్లు పోసిన్రు. సరిగ తిప్పినంక ఆ గొట్టంల పడ్డ మొదటి నీళ్లు నా పురిటి నీళ్లే. లోపల పిల్లగాడు కేర్‌మని ఏడుస్తున్నడు, కాశమ్మ "నానమ్మ ఏదీ, నానమ్మను పిలువున్రి" అంటున్నది. నానమ్మ యాడున్నది? బొందల ఉన్నది. మోకాళ్ల మీద కూసొని, పిడికెడు బూడిద కీలు మీద చల్లి, ముక్కు ఆనిచ్చి చూస్తున్నది. మీ బావ పిలిస్తె "ఆగురా, ఇంకా నీళ్లు వస్తున్నయి" అన్నదట. నీళ్లన్ని పోయినయి. బూడిద పొడిగనే ఉన్నది. అప్పుడొచ్చి, ఆ బూడిద చేతుల్తోనే పిల్లగాన్ని అందుకొని, నొసటికి అదే పెట్టింది.

బాయి నీళ్లన్ని తోడిచ్చి, మందు వేయించిన్రు. వాసన పోయింది. కాని అన్నా, ఇరవై ఒకటో దినం బాలింత బాయికి పసుపు కుంకుమ పెట్టి మొదటి చేద వెయ్యాలె గద. నన్ను వెయ్యనియ్యలే. "బోధన్ నుంచి మంచి మాట రానీ, అప్పుడు" అన్నది. "మన కోసం ఆ పిల్ల మేకు కొట్టింది. ఆ పిల్ల నీళ్లాడే దాంక మన పురుడు పూర్తి కాలే" అంటది. పిల్లగానికి పేరు గూడ పెట్టనిస్త లేదు. పోరగాడు అని పిలుస్తున్నం.

ఇంకోటి. దినాం పొద్దుగాల మొదటి చెంబు ఆమెనే తాగుతది. ముసలిదాన్ని, నాకే ముందు దూప అంటది. ఎండ ఎక్కేదాంక నాకు ఒక్క చుక్క ఇయ్యదు. నా దిక్కు ఓరగ చూసుకుంట పని చేస్తది. నీళ్లల్ల ఏమన్న ఉంటె ముందు ఆమెకే తగలాల్నని, నాకు నిన్న సమజైంది.

వదినె పైలం.

రుక్మ

---

బోధన్
కార్తీకం

చెల్లె రుక్మకు, అత్తమ్మకు,

ఆడపిల్ల.

సత్తెమ్మ రెండు దినాలు కష్టపడ్డది. పుట్టంగనే పిల్ల ఏడ్వలే. కాళ్లు పట్టుకొని తట్టిన్రు, నీళ్లు చల్లిన్రు, ఏడ్వలే. నేను ఆ మేకు దిక్కే చూసుకుంట నిలబడ్డ. ఈ చేతుల్తోనే పీకి పారేస్తనని దాని దిక్కు పోయిన గూడ. చెయ్యి దాని మీద పడంగ ఎనుక పిల్ల ఏడ్చింది. పీకలే. అట్లనే పట్టుకొని నిలబడ్డ.

ఇద్దరు మంచిగున్నరు. లాంతరు ఇప్పుడు మేకుకు ఉన్నది. అత్తమ్మకు చెప్పు, నా కొస నేను విడిచి పెట్టలే.

అంజన్

---

లాల్‌దర్వాజా
కార్తీక బహుళం

అన్నకు, వదినెకు,

నీ ఉత్తరం గడపల్నే నిలబడి చదివిన. అత్త చాట పక్కకు పెట్టి విన్నది. "పిల్ల ఏడ్వలే" అన్న కాడ లేచి నిలబడ్డది. చివరి దాంక విని, మళ్ల చదవమన్నది. మూడోసారి గూడ చదవమన్నది. తర్వాత లోపలికి పోయి పసుపు తెచ్చింది.

అదే పొద్దున నాతోని బాయికి పసుపు కుంకుమ పెట్టిచ్చింది. వాకిట్ల గొట్టం ఉన్న బండకు గూడ పెట్టిచ్చింది. బర్రె కొమ్ములకు పెడ్తమంటె మాత్రం "దానికెందుకు, అదేం పుణ్యం చేసింది" అన్నది. గోడవతల నాగమణమ్మ, మల్లన్న వచ్చి నిలబడ్డరు. పిల్లగాన్ని గోడ మీదికెల్లి అందిస్తె నాగమణమ్మ తీసుకున్నది, చేద తాడు నా చేతికొచ్చింది. నాలుగు నెలలైంది బాయి ముట్టక, గిరక చప్పుడు వినుకుంట చేద దించిన.

బొక్కెన గట్టు మీద పెట్టిన. అత్త చెంబు ముంచింది. ఎప్పటి లెక్కనే తాగుతదనుకున్న, నోటి దాంక తీసుకపోయింది గూడ. ఆగింది. నా దిక్కు చూసింది.

"ఇయ్యాల ముందు నువ్వు తాగు" అని చెంబు నాకిచ్చింది.

తాగిన అన్నా. ఉత్త నీళ్లే. ఏ వాసన లేదు.

రుక్మ